యాభై రెండో నిమిషంలో పెళ్ళిమాట

ఆమె నన్ను పెళ్ళి చేసుకోమని అడిగింది. నేను ఆమెని గ్రౌండ్ బయటికి పంపించేశాను.

నవ్వకండి. ముందు జరిగింది వినండి, తిట్టాలనిపిస్తే తర్వాత తీరిగ్గా తిట్టుకోండి.

నేను దేశపు మహిళల రగ్బీ టీముకి డాక్టర్ని. టీములో అమ్మాయిలు నాకు పెట్టిన పేరు రూలుకర్ర. ఐసు ముక్క పెట్టాలన్నా ఫారం నింపందే పెట్టనని వాళ్ళ కోపం. ఆమె ఆ టీముకి కెప్టెన్. పదేళ్ళుగా దేశం తరఫున ఆడుతోంది. ఆ రోజు సెమీఫైనల్, ఆమెకి యాభయ్యో అంతర్జాతీయ మ్యాచ్. ఫైనల్ ఆడి రిటైరైపోతానని ముందే చెప్పేసింది.

యాభై రెండో నిమిషంలో అవతలి టీములో తలుపంత మనిషి ఒకావిడ బంతి పట్టుకుని దూసుకొస్తుంటే, మా కెప్టెన్ ఎదురెళ్ళి నడుం పట్టి పడేసింది. ఆవిడ లేచింది. ఈమె లేవలేదు. నేను సంచీ పట్టుకుని పరిగెత్తాను.

తలకి దెబ్బ తగిలిందేమోనని అనుమానం వస్తే అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉంటాయి. మోకాళ్ళ మీద కూర్చుని మొదలుపెట్టాను.

"ఇది ఫస్ట్ హాఫా, సెకండ్ హాఫా?"

"సెకండ్."

"ఆఖరి స్కోరు ఎవరు చేశారు?"

"నేనే. మీరు చూడలేదా?"

"పోయిన మ్యాచ్ గెలిచామా?"

"గెలిచాం. అయిపోయాయా ప్రశ్నలు? అయితే నేనొకటి అడుగుతాను. నన్ను పెళ్ళి చేసుకుంటారా డాక్టరుగారూ?"

నేను టీములో చేరిన ఈ రెండేళ్ళలో ఆమె నాతో మాట్లాడినవన్నీ కలిపితే సగం నొప్పులు, సగం తిట్లు. అలాంటి మనిషి ఉన్నట్టుండి పెళ్ళంటే ఏమనుకోవాలి? బుర్ర అదిరిందనే అనుకున్నాను. చెయ్యెత్తి రెఫరీకి సైగ చేశాను. ఫారంలో 'మనిషి తీరులో మార్పు' అన్న గడిలో టిక్కు పెట్టాను.

ఆ టిక్కు పడితే పన్నెండు రోజులు ఆడకూడదు. ఫైనల్ ఎనిమిదో రోజున.

డ్రెస్సింగ్ రూములో మిగతా పరీక్షలు పెట్టాను. ఒంటికాలి మీద నిలబడమంటే నిలబడింది. అంకెలు వెనక నుంచి చెప్పమంటే గడగడా చెప్పింది. పది మాటలు చెప్పి, కాసేపాగి అడిగితే పొల్లుపోకుండా అప్పజెప్పింది.

"అన్నీ బాగానే ఉన్నాయి. మరి ఆ మాటెందుకన్నారు?"

"ఏ మాట?"

"అదే... పెళ్ళి."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఒక్క నిమిషం. నన్ను బయటికి పంపింది అందుకా?"

"తీరులో మార్పు కదండీ..."

"తీరా! ఆరు నెలలుగా ధైర్యం కూడగట్టుకుంటున్నాను. ఫైనల్ అయ్యాక అడుగుదామనుకున్నా. మీరు అంత కంగారు మొహం వేసుకుని పక్కన కూర్చుంటే నోరు ఆగలేదు. దాన్ని రోగం కింద రాస్తారా? అడిగితే ఒప్పుకునేవాళ్ళుంటారు, కాదనేవాళ్ళుంటారు. టిక్కు పెట్టేవాణ్ణి మిమ్మల్నే చూశాను!"

బూటు విసిరికొట్టింది. అది గోడకి తగిలి నా కాళ్ళ దగ్గర పడింది. బయట మనవాళ్ళు గెలిచినట్టు కేకలు వినిపించాయి.

"నా ఆఖరి ఫైనల్ అండీ," అంది మెల్లగా. పన్ను ఊడిన రోజు కూడా ఏడవని మనిషి, కళ్ళనిండా నీళ్ళు.

అప్పుడు తెలిసొచ్చింది నాకు. నేను ఈమెని ప్రేమిస్తున్నాను. రెండేళ్ళుగా. ఏ రూలు పుస్తకంలోనూ రాసిలేదు కదా, అందుకే గమనించలేదు.

ఆ రాత్రే బోర్డు పెద్ద డాక్టరమ్మకి ఉత్తరం రాశాను, మూడు పేజీలు. కెప్టెన్ ఆ మాట నిజంగానే అన్నారు, నాకూ ఆమె అంటే ఇష్టం, కాబట్టి నా టిక్కుకి విలువ లేదు, ఇంకో డాక్టరు చేత పరీక్ష చేయించండి, నా రాజీనామా తీసుకోండి.

మర్నాడే పిలిపించారు.

"సరే నాయనా," అంది పెద్ద డాక్టరమ్మ. "ఆ అమ్మాయికి మీరంటే దెబ్బ తగలకముందు నుంచీ ఇష్టమని రుజువేంటి?"

నాకే నిన్న తెలిసింది!

బోర్డు నుంచి కెప్టెన్ ఇంటికీ కబురు వెళ్ళిందట, అంతలో తలుపు తోసుకుని వాళ్ళమ్మగారు వచ్చారు, టైలరింగ్ షాపు నుంచి తిన్నగా, మెడలో టేపుతో సహా.

"రుజువు కావాలా? భోజనం దగ్గర డాక్టరు, కాఫీ దగ్గర డాక్టరు, ఆరు నెలలుగా మా ఇంట్లో ఇదే గోల. ఆయన రిజిస్టరు తెప్పించండమ్మా!"

తెప్పించారు. కెప్టెన్ మడమ నొప్పని నా దగ్గరికి పద్నాలుగు సార్లు వచ్చింది. తొమ్మిది సార్లు ఎడమ మడమ, ఐదు సార్లు కుడి. స్కానింగులో ఏమీ లేదు. ప్రతిసారీ పక్కన నా దస్తూరీతోనే రాసి ఉంది, 'కారణం తెలియదు' అని.

పెద్ద డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. భుజాలు అదురుతున్నాయి.

"పద్నాలుగు సార్లా?"

"నిజంగానే తెలియలేదండీ."

"ఆ అమ్మాయి తలని వేరే డాక్టరు చూస్తాడు. మీ తలని ఎవరు చూడాలో నాకు అర్థం కావడం లేదు."

కొత్త డాక్టరు రెండు రోజుల తేడాతో రెండుసార్లు పరీక్షించాడు. ఏ లోపమూ లేదని రాశాడు. కెప్టెన్ ఫైనల్‌కి వెళ్ళింది, నా రాజీనామా ఫైలుకి వెళ్ళింది. పరీక్షల్లో నా ప్రమేయం ఉందని ఎవరూ అనకూడదని, ఆ ఎనిమిది రోజులూ ఆమెకి ఫోన్ కూడా చెయ్యలేదు.

ఫైనల్ రోజు వాళ్ళమ్మగారి పక్కన గ్యాలరీలో కూర్చున్నాను. గ్రౌండు పక్కన బెంచీ మీద ఉన్నన్నాళ్ళూ నాకు ఆటలో మోకాళ్ళు, భుజాలు, మడమలు కనిపించేవి. ఇక్కణ్ణుంచి ఆమె ఒక్కతే కనిపిస్తోంది. సగం మ్యాచ్ వేళ్ళ సందుల్లోంచే చూశాను.

డెబ్భయ్యో నిమిషంలో ఆరుగురి కింద పడింది. కొత్త డాక్టరు పరిగెత్తాడు. నేనూ లేచి రెయిలింగ్ మీద కాలు వేశాను. వెనక నుంచి ఎవరో చొక్కా పట్టి లాగారు.

"కూర్చోండి అల్లుడుగారూ. ఆ ఉద్యోగం మీరు మానేశారు."

ఆమె తనంతట తనే లేచింది. జెర్సీ సర్దుకుని మళ్ళీ పరిగెత్తింది. చివరికి రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

విజిల్ వేశాక తిన్నగా మా దగ్గరికే వచ్చింది. ఒళ్ళంతా బురద, పెదవి వాచిపోయి ఉంది. వాళ్ళమ్మ భుజం మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"ఆడించినందుకు థాంక్స్. అన్నట్టు, నేనడిగినదానికి మీరింకా జవాబు చెప్పలేదు."

వాళ్ళమ్మగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "ఏమిటీ, చెప్పలేదా? ఇంతమంది ముందు అల్లుడుగారూ అని పిలిచేశానే!"

"చేసుకుంటాను," అన్నాను. గొంతు మరీ పెద్దదైనట్టుంది, వెనక మూడు వరసలు ఇటు తిరిగాయి. "నువ్వంటే నాకు ప్రాణం."

"నువ్వా?" కనుబొమ్మలెగరేసింది.

"సారీ అండీ, మీరంటే..."

"నోరు మూసుకుని ఇలా రా."

నడుం పట్టి, రెయిలింగ్ మీంచి ఎత్తి, గ్రౌండులో దించింది. ఆ సాయంత్రం తీసిన టీము ఫోటోలో కెప్టెన్ పక్కన బురద చొక్కాతో, చేతిలో ఏ ఉద్యోగమూ లేకుండా ఇకిలిస్తూ నిలబడ్డవాణ్ణి నేనే.