మర ఇంట్లో ఒక నిమిషం నిశ్శబ్దం

2018 నవంబరు 17, శనివారం. పొద్దున్న సన్నజల్లు పడి పదింటికి తెరిపిచ్చింది. మధ్యాహ్నం ఎండ కాసింది. సాయంత్రం ఐదయ్యేసరికి గాలి పూర్తిగా ఆగిపోయి, తీగ మీద ఆరేసిన బట్ట కూడా కదల్లేదు. ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, ఆ రాత్రి మర ఇంట్లో వినబడింది గాలి చప్పుడు కాదని ముందే తేల్చెయ్యడానికి.

మర ఇల్లంటే మా అక్క ఇల్లు. సందు చివర, కింద ఒక పెద్ద గది, పైన ఒక చిన్న గది. కింది గదిలో అక్క నలభై ఏళ్లు పుస్తకాలకి బైండింగు చేసింది. ఆఫీసు రిజిస్టర్లు, లైబ్రరీ పుస్తకాలు, గడువు తేదీకి ముందురోజు పరిగెత్తుకొచ్చే పిల్లల థీసిస్సులు. అట్ట అతికించాక పుస్తకాన్ని రెండు చెక్క పలకల మధ్య పెట్టి, పైనున్న ఇనుప చక్రం తిప్పి బిగించి, తెల్లారేదాకా వదిలెయ్యాలి. ఆ బిగించేదాన్నే మేం మర అనేవాళ్లం. తిప్పినప్పుడల్లా మూలుగుతుంది. ఎంత నూనె పోసినా అంతే.

అక్క పోయి మూడేళ్లయింది. మర మూలగడం మాత్రం ఆగలేదు.

ముందు విన్నది ఎదురింటి లెక్కల మేష్టారు. రాత్రి పదకొండు దాటాక... కీచు... కీచు... కాసేపు ఏమీ లేదు... మళ్లీ కీచు. కిటికీ తెరిచి చూస్తే వీధి తలుపుకి వేసిన తాళం వేసినట్టే ఉందట. ఆయన ఊరికే దేన్నీ నమ్మే మనిషి కాదు. అందుకని రెండో కిటికీ కూడా తెరిచి చూసి, అప్పుడు నమ్మాడు.

తర్వాత పేపరు వేసే అతను సందు చివరిదాకా రావడం మానేశాడు. ఇల్లు కొంటానన్న బిల్డరు ఒక వాచ్‌మన్‌ని పెడితే, అతను రెండోరోజు తెల్లవారుజామునే పక్క చుట్టుకుని వెళ్లిపోయాడు.

"ఊరికే తిరిగే దెయ్యమైతే సర్దుకుపోతాను సార్. ఇది డ్యూటీ చేస్తోంది."

అక్కకి పిల్లల్లేరు. మిగిలింది నేనూ, మా చెల్లెలూ. చెల్లెలు భర్త పోయాక అక్క దగ్గరే పదేళ్లు పుస్తకాలు కుట్టింది. అక్క పోయాక అద్దె గదికి మారింది. మూడేళ్లుగా ఆమెది ఒకటే మాట.

"అక్క ఇల్లు నా పేర రాసింది అన్నయ్యా. కాగితం నాకు చూపించింది కూడా. ఎక్కడ పెట్టిందో తెలీడం లేదు."

ఇల్లంతా వెతికింది. బీరువా వెనకా, బియ్యం డబ్బాలోనూ, పటాల వెనకా. లేదు. సాక్షి సంతకాలు పెట్టిన ఇద్దరూ అక్క కంటే ముందే పోయారు. కాగితం లేకపోతే ఇల్లు మా ఇద్దరికీ చెరి సగం. రెండు గదుల ఇంట్లో సగం అంటే ఎవరికీ పనికిరాదు గనక అమ్మకం. ఆ అమ్మకానికి సంతకాలు సోమవారం, 19వ తేదీ. అంటే ఆ శనివారం రాత్రికి మా చెల్లెలికి ఇల్లుండడానికీ పోవడానికీ మధ్య ఒక్క ఆదివారం మిగిలింది.

ఇక సినిమా సంగతి.

మా మనవరాలు కాలేజీలో సినిమా తియ్యడం చదువుతోంది. మా రోజుల్లో సినిమాకి వెళ్తే కాలేజీ నుంచి పంపించేసేవాళ్లు. ఇప్పుడు సినిమా తియ్యకపోతే పంపించేస్తున్నారు. ఆ ఏడు వాళ్లకిచ్చిన పని — ఒక థ్రిల్లరు సినిమాకి మొదటి రెండు నిమిషాలు తియ్యాలి. మిగతా సినిమా ఉండదు. రెండు నిమిషాలు తీసి, అది ఎలా తీశామో, ఏం తప్పు చేశామో, ఏం నేర్చుకున్నామో నాలుగు పేజీలు రాయాలి. నేను అడిగాను, "చివర్న హంతకుడెవరో తెలియక్కర్లేదా?" అని.

"అక్కర్లేదు తాతయ్యా. భయం వేస్తే చాలు."

మొదటిసారి తీసింది చూసి లెక్చరరు నవ్వాడట. థ్రిల్లరు చూసి నవ్వాడంటే ఇంకేం చెప్పాలి. అందుకని రెండోసారి మర ఇంట్లో తీస్తామంది. తాళంచెవి ఒకటి నా దగ్గరా, ఒకటి చెల్లెలి దగ్గరా ఉంటాయి. నేను మోకాళ్ల నొప్పులన్నాను. చెల్లెలు ఇచ్చేసింది.

సాయంత్రం ఆరింటికి వచ్చారు. మనవరాలు, కెమెరా పట్టుకున్న ఒక అమ్మాయి, సౌండు చూసే ఒక అబ్బాయి. అతన్ని వాళ్లు చెవులు అని పిలుస్తారు. మంచి పిల్లాడు, పిలిస్తే పలకడు. హెడ్‌ఫోన్లలో ఉంటాడు.

కథ ఏమిటంటే — ఒక ముసలాయన మేడ మీద కుర్చీలో చచ్చి పడి ఉంటాడు. కింద మర దానంతట అదే తిరుగుతుంది. పేర్లు పడతాయి. అంతే.

ముసలాయన్ని నేనే.

"నటన అక్కర్లేదు తాతయ్యా, కదలకుండా ఉంటే చాలు."

"ఈ వయసులో కదలకుండా ఉండటమే నటన."

చెవులు వచ్చి నా చొక్కా కాలరు లోపల చిన్న మైకు గుచ్చి, నడుముకి అగ్గిపెట్టెంత డబ్బా తగిలించాడు. చచ్చినవాడికి మైకెందుకయ్యా అన్నాను. చివరి ఊపిరి కావాలి అన్నాడు. చివరి ఊపిరి నాలుగుసార్లు విడిచాను. మూడోసారి తుమ్ము వచ్చింది. అది నా తప్పు కాదు, కింది నుంచి వచ్చే పాత కాగితాల దుమ్ము.

నా పని ఎనిమిదింటికి అయిపోయింది. వాళ్లు కిందికి దిగిపోయారు. నేను కాసేపు కుర్చీలోనే కూచుంటానన్నాను.

కాబట్టి కింద జరిగింది నేను చూడలేదు. మనవరాలు చెప్పగా విన్నదీ, ఆమె కాలేజీకి రాసిచ్చిన నాలుగు పేజీల్లో చదివిందీ చెబుతున్నాను.

పిల్లలతో పాటే వచ్చిన చెల్లెలు మర దగ్గర నిలబడింది.

"చక్రం బిగించండమ్మా, ఎంతైనా బిగించండి. విప్పద్దు."

"ఎందుకు చిన్న నానమ్మా?"

"మీ పెద్ద నానమ్మ బిగించిన చివరి కట్ట అది. ఒకరు బిగించినదాన్ని ఇంకొకరు విప్పరు. మా పనిలో అది పద్ధతి."

నిజమే. బైండింగు వాళ్లలో ఆ కట్టుబాటు ఉంది. ఎవరు బిగించారో వాళ్లకే తెలుస్తుంది లోపల జిగురు ఎంత తడిగా ఉందో. వేరేవాళ్లు విప్పితే పుస్తకం వంకరపోతుంది. మూడేళ్ల తర్వాత జిగురు ఏ తడి మీద ఉంటుందని అడగచ్చు. మా చెల్లెలు అడగలేదు. అక్క నేర్పిన పని, అక్క చెప్పినట్టే చేస్తుంది.

ఒక నల్లదారం కట్టి, కెమెరాకి కనబడకుండా లాగారు. చక్రం దానంతట అదే తిరిగినట్టు తిరిగింది. కీచు... కీచు. ఎదురింట్లో కిటికీ మూసిన చప్పుడు. ఆ వెంటనే రెండో కిటికీ.

"చాలా బాగుంది," అంది కెమెరా అమ్మాయి.

అప్పుడు చెవులు చెయ్యెత్తాడు. "గది నిశ్శబ్దం కావాలి. ఒక్క నిమిషం. ఎవరూ కదలద్దు."

గదికి గదికి నిశ్శబ్దం వేరుగా ఉంటుందిట. మాటల మధ్య ఖాళీల్ని ఆ గది నిశ్శబ్దంతోనే పూడ్చాలిట, లేకపోతే అతుకు తెలిసిపోతుందిట. అక్క వింటే సంతోషించేది. రిజిస్టరులో చిరిగిన చోట ఆ రిజిస్టరు కాగితమే అతికించాలని చెప్పేది.

లైటు ఆర్పేశారు, ట్యూబులైటు గుంయ్ మంటుందని. నలుగురూ ఎక్కడివాళ్లక్కడ నిలబడ్డారు. ఊపిరి కూడా చిన్నగా.

పది సెకన్లు... ఇరవై...

చెవులు మెడ పక్కకి వాల్చాడు.

ముప్ఫై... ముప్ఫై ఐదు...

అతను ఒక చేత్తో హెడ్‌ఫోను చెవికి అదుముకోవడం టార్చి వెలుగులో కనిపించిందని మనవరాలు రాసింది.

నిమిషం అయింది.

"ఎవరు మాట్లాడారు?" అన్నాడు చెవులు.

"ఎవరూ మాట్లాడలేదు. ఇప్పుడు నువ్వే మాట్లాడావు."

"ఎవరో మాట్లాడారు... గుసగుసగా... నా చెవిలోనే."

"ఒరే, నీకు భయం వేస్తే బయటికెళ్లు. మా నిమిషం పాడుచెయ్యకు," అంది కెమెరా అమ్మాయి.

అతను మాట్లాడకుండా హెడ్‌ఫోన్లు తీసి మనవరాలి చెవులకి పెట్టాడు. వెనక్కి తిప్పి వినిపించాడు. ఆమె విని, కెమెరా అమ్మాయికిచ్చింది. కెమెరా అమ్మాయి విని, హెడ్‌ఫోన్లు కింద పడేసి, కెమెరా మాత్రం జాగ్రత్తగా చంకన పెట్టుకుని వీధిలోకి పోయింది. కెమెరా కాలేజీది.

"ఏమంటోంది?" అంది చెల్లెలు.

మనవరాలు చెవులు వంక చూసింది.

"ఏమంటోందో చెప్పు నాయనా."

చెవులు గోడకి ఆనుకుని, విన్నది విన్నట్టు అప్పజెప్పాడు.

"చించలేదు... నేను చించలేదు... పలకల మధ్యే ఉంది... సోమవారం దాకా ఊరుకో..."

కాసేపు నిజంగానే గది నిశ్శబ్దం అయిపోయింది. అది రికార్డు చెయ్యలేదు.

చెల్లెలు చీర కొంగు దోపుకుంది. మర దగ్గరికి వెళ్లింది. చక్రం మీద చెయ్యి వేసి ఆగింది.

"ఏమనుకోకు అక్కా."

వెనక్కి తిప్పింది. ఆరు చుట్లు. పై పలక లేపింది. తెల్లకాగితాల కట్ట. కట్ట లేపింది. కింది పలకకీ కట్టకీ మధ్య రెండు మడతల కాగితం... అక్క చేతిరాత... ఒక్క ముడత లేకుండా, ఇస్త్రీ చేసినట్టు.

టార్చి వెలుగులో నిలబడే చదివింది. రెండుసార్లు చదివింది. ఏడవలేదు, అరవలేదు. కాగితం రవికలో పెట్టుకుని, చెవులు చేతిలోంచి టార్చి తీసుకుని, మెట్ల దగ్గరికి వచ్చింది.

పైకి చూసి అంది —

"అన్నయ్యా, దిగిరా. మూడో మెట్టు విరిగింది, చూసుకో. టార్చి పడతాను."

ఆ గుసగుస గొంతు నాది.

మనవరాలే ముందు పైకి వచ్చింది. నా నడుముకున్న డబ్బా మీద చిన్న ఆకుపచ్చ దీపం ఇంకా వెలుగుతోంది.

"తాతయ్యా."

"ఏమ్మా."

"మైకు."

తీసుకుంది. డబ్బా మీద దీపం ఆర్పింది. నేనేమీ అనలేదు. అప్పటికే కావలసినదానికంటే ఎక్కువ అని ఉన్నాను.

మర బిగించేటప్పుడు ఒక మూలుగు, విప్పేటప్పుడు ఒక మూలుగు. తెలిసినవాళ్లకి తేడా తెలుస్తుంది. కింద పిల్లలు చక్రం తిప్పుతుంటే, ఎక్కడ విప్పుతారో అని చెవులు రిక్కించుకుని కూచున్నాను. చప్పుడు ఆగాక, వాళ్లు విప్పలేదని నిర్ధారించుకున్నాక, ఆ చీకట్లో అక్కతో నాలుగు ముక్కలు మాట్లాడాను. మూడేళ్లుగా ఆ ఇంటికి వచ్చినప్పుడల్లా మాట్లాడేదే. ఎవరూ వినేవారు కాదు.

అవును, వచ్చేవాణ్ణి. పెరటి తలుపు నుంచి. అక్క పోయిన మూడో రోజు బీరువాలో ఆ కాగితం నాకే దొరికింది. చదువుకున్నవాణ్ణి, చేత్తో రాసిన కాగితం చించడానికి చేతులు రాలేదు. చెల్లెలికివ్వడానికీ రాలేదు. చెల్లెలు ఎప్పటికీ విప్పని చోటు ఇంట్లో ఒకటే ఉంది. అందులో పెట్టాను. ఆ పైన నిద్ర పట్టని రాత్రి వచ్చి, విప్పి, చదివి, మళ్లీ బిగించి వెళ్లేవాణ్ణి. లెక్కల మేష్టారికి నేనే నిద్ర లేకుండా చేశాను. ఆయనకింతవరకూ చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

సోమవారం సంతకాలు జరగలేదు. నేను అభ్యంతరం చెప్పలేదు. చెల్లెలు ఎవరితోనూ ఏమీ అనలేదు. నన్ను ఒక్కటే అడిగింది — "ఎప్పుడైనా ఇద్దామనుకున్నావా అన్నయ్యా?" నేను ఆలోచించి, "ఒకటి రెండుసార్లు" అన్నాను. "సరే" అంది.

మనవరాలి సినిమా నెగ్గింది. పేర్లు పడేటప్పుడు ఆ గుసగుస అలాగే ఉంచింది. ఆ గొంతు తనకి వెన్నులోంచి వణుకు తెప్పించిందని, ఆ నటుడి పేరెందుకు వెయ్యలేదని లెక్చరరు రాశాడు. నా పేరు "శవం" అన్నచోట ఉంది. నాలుగు పేజీల్లో చివరి ప్రశ్న — మళ్లీ తీస్తే ఏం మారుస్తారు? ఆమె జవాబు నా దగ్గర ఉంది: "మైకు ఎవరికి పెట్టామో, ఎప్పుడు తీశామో ఎప్పటికప్పుడు రాసుకుంటాం. ఈసారి మర్చిపోయాం. మర్చిపోయినందుకు బాధ లేదు."

ఇక ఆ కాగితం. నాకు కంఠతా వచ్చు గనక చూడకుండా రాస్తాను.

ఇల్లు, కింది గది, మేడ గది, పెరడు — చెల్లెలికి. మర, కత్తులు, సూదులు, జిగురు గిన్నె — చెల్లెలికే, ఆమె వాడినన్నాళ్లు. తర్వాత పని నేర్చుకునే ఎవరికైనా. గోడ గడియారం — ఎదురింటి లెక్కల మేష్టారికి, ఆయన రోజూ కిటికీలోంచి అందులోనే టైము చూసుకుంటాడు గనక. తెల్లకాగితాల కట్టలు — పక్క వీధి బడికి. గొడుగు — పేపరు వేసే అతనికి. పెరట్లో నీళ్ల తొట్టి — నీళ్లు తాగడానికొచ్చే పిల్లులకి, దాన్ని ఎవరూ అమ్మకూడదు.

నా పేరు లేదు. మూడేళ్లలో నలభైసార్లు చూశాను. వెనకవైపు కూడా చూశాను. లేదు.