పదిహేడు సెంటీమీటర్ల తీగ

మా అన్న రామాంజనేయులు మీద నాకు ముప్పై ఏళ్ళ కోపం. ఏడో తరగతిలో నా చేత బడి మాన్పించి పులివెందులలో మోటర్ వైండింగ్ షాపులో కూర్చోబెట్టింది ఆయనే. తాను మాత్రం డిగ్రీ దాకా చదివాడు. మా నాయన పోయాక లింగాలలోని చీనీ తోటను, అదే బత్తాయి తోటను, పంచకుండా ఉంచిందీ ఆయనే. "పెండ్లాం లేనోనికి తోటెందుకురా? నీ వాటా నాకు రాసియ్యి" అని పోయిన వేసవిలో నోరు తెరిచి అడిగాడు.

ఇవ్వనన్నాను. కానీ నా మోకాలు అరిగిపోయింది. కరెంటు వచ్చినప్పుడల్లా వంక దాటి మోటర్ దగ్గరికి నడవలేను. ఇంట్లో కూర్చుని మోటర్ వేసే రిమోట్ ఒకటి చేసుకుంటే తోట నాకు మిగులుతుంది. అందుకే ప్రొద్దుటూరు వెళ్లి రెండు చిన్న రేడియో మాడ్యూళ్ళు కొన్నాను. ఒకటి పంపుతుంది, ఇంకొకటి వింటుంది. ఇంటికి తెచ్చి బిగించి చూస్తే, అవి రెండు బారల దూరంలో కూడా మాట్లాడుకోలేదు.

మర్నాడే వెళ్లి వాటిని కౌంటర్ మీద పడేశాను.

"డూప్లికేట్ సరుకు అమ్ముతాండావు మేడమ్."

షాపు ప్రియదర్శినిది. నలభైకి దగ్గర పడుతున్న మనిషి. మాడ్యూల్‌ను కళ్ళద్దాల దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"ఈ తీగ ఏందప్పా, ఇట్ల చుట్టినావు?"

"యాంటెన్నా. అరవై చుట్లు. గట్టిగా చుట్టినా."

"ఎవురు చుట్టమన్నారు?"

"ముప్పై ఏండ్ల నుంచి చుట్టేదే నా పని."

ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే నేను వెళ్లిపోయేవాణ్ణి. చుట్లన్నీ విప్పి, స్కేలు పెట్టి పదిహేడు సెంటీమీటర్లు కొలిచి, మిగతాది కత్తిరించేసింది.

"ఇంతే. నిటారుగా నిలబెట్టల్ల. తీగ ఎక్కువైనా సరిగ్గా వినపడదు, తక్కువైనా వినపడదు."

రెండోదానికి నా చేతే కోయించింది. కొలిచేటప్పుడు ఆమె వేళ్ళు నా వేళ్ళకు తగిలాయి. ఇది రాయకూడదు గానీ, తగిలాయి.

షాపులో బాగా పనిచేసింది. తోటలో పెడితే మూగబోయింది. ఫోన్ చేశాను.

"మళ్ళ చుట్టినావా?"

"లేదు. నిటారుగానే ఉండాది. నువ్వే వచ్చి చూడు."

"లింగాలకా? షాపు ఎవురు చూస్తారు?" అని పెట్టేసింది.

ఆదివారం బస్సు దిగింది. మోటర్ స్టార్టర్ డబ్బా మూత తీయగానే నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"దీన్ని ఇనప డబ్బాలో పెట్టి మూత బిగిస్తివా?"

"వానకు తడుస్తాదని..."

"నిన్ను బీరువాలో పెట్టి తాళమేసి పిలిస్తే పలుకుతావా?"

"నువ్వు పిలిస్తే పలుకుతా."

ఆమె తల తిప్పుకుంది. తన ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలోని చిత్రాన్నం నాకు పెట్టి, డబ్బా కడిగి తుడిచి, మాడ్యూల్‌ను అందులో అమర్చి స్టార్టర్ పక్కన గోడకు కట్టింది. ఆమెను అక్కడే ఉంచి, నేను ఇంటికి వెళ్లి బటన్ నొక్కాను.

"తిరిగిందా?"

"తిరిగింది. నీళ్ళొస్తాండాయ్."

"ఆపుతా."

"ఆగింది."

"మళ్ళ నొక్కుతా."

నాలుగోసారికి ఫోన్‌లోనే కసిరింది. "మోటర్ కాల్చుకుంటావా ఏంది? పనిచేస్తాంది గదా, ఇంగేం కావాల?"

"సరేనంటే నువ్వు బస్సెక్కుతావు."

ఆమె నీళ్ళ దగ్గరికి నడిచినట్టుంది, ఫోన్‌లో చప్పుడు పెరిగింది.

"బస్సు ఐదు గంటలకు," అంది మెల్లగా. "అంతదాకా నొక్కుకో."

రెండు నెలలకు జమ్మలమడుగు వెళ్లి వాళ్ళమ్మ యశోదమ్మను పిల్లనడిగాను. ప్రియదర్శిని మొదటి పెళ్ళి ఏడేళ్ళ కిందటే కోర్టులో ముగిసింది.

"ముందు పెద్దోళ్ళు లేకుండా వచ్చినోనికే ఇచ్చి మోసపోతిమి నాయనా," అంది యశోదమ్మ. "ఈసారి మీ ఇంటి పెద్దమనిషి వచ్చి అడగల్ల. అప్పుడిస్తా."

నాకున్న పెద్దమనిషి రామాంజనేయులే.

"వస్తా," అన్నాడు మా అన్న. "పండ్లూ పూలూ పట్టుకొచ్చి అడుగుతా. తోటలో నీ వాటా రాసియ్యి."

ప్రియదర్శినికి చెప్పాను.

"ఇయ్యద్దప్పా. మా యమ్మకు నేను నచ్చజెప్తా."

"ఎన్నాళ్ళకు ఒప్పుకుంటాది?"

"ఒక ఏడాది పట్టచ్చు. రెండేండ్లన్నా పట్టచ్చు."

"నాకిప్పుడే నలభై నాలుగు."

పులివెందులలో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లి, నా వాటా మా అన్న పేరుకు రాసిచ్చి సంతకం పెట్టాను. ఆ గురువారమే మా అన్న జమ్మలమడుగు వచ్చి, యశోదమ్మకు దండం పెట్టి, నా గురించి ఎంత గొప్పగా చెప్పాడంటే, కాసేపు నేనే నమ్మాను. యశోదమ్మ కళ్ళు తుడుచుకుని తాంబూలం అందుకుంది.

ప్రియదర్శిని కాఫీ గ్లాసు నా చేతికిస్తూ, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"ఎంత పోయింది?"

"బోరుతో కలిపి, ఎకరా అరవై రెండు సెంట్లు."