ముందుగా పాటించిన మౌనం

మా మునిసిపల్ ఆఫీసు మేడ మీద కౌన్సిల్ హాలు ఉంది. కింద పన్నులు కట్టే కిటికీ, దాని పక్కన జనన మరణాల గది, ఆ రెంటి మధ్యలోంచి పైకి మెట్లు. నేను ఆ హాల్లో మైకులు చూస్తాను. పదో తరగతి తప్పాక విజయవాడ గవర్నర్‌పేటలో మా మావయ్య మైకు సెట్ల షాపులో పని నేర్చుకుని, ఊళ్ళో సొంతంగా చిన్న షాపు పెట్టుకున్నాను. మీటింగ్ ఉన్న రోజు తలుపు పక్కన చిన్న బల్ల వేసుకుని, మిక్సరు ముందు పెట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటాను.

ఎజెండా చదివేది భానుశ్రీ. కాంట్రాక్టు మీద టైపు పని చేసే అమ్మాయి. ఒక్కో అంశం చదవబోయే ముందు చిన్నగా ఊపిరి పీల్చుకుంటుంది. హాల్లో ఎవరికీ వినపడదు అది. నా హెడ్‌ఫోన్లలో మాత్రం వినిపిస్తుంది, నీళ్ళగిన్నెలో మల్లెమొగ్గ పడ్డట్టు. ఆ చప్పుడు కోసం నేను నెలంతా ఎదురుచూసేవాణ్ణి. నవ్వుకుంటే నవ్వుకోండి.

ఆమె చదివేవి పెద్ద సంగతులేం కావు. ఫలానా వీధిలో లైట్లు వెలగట్లేదు, సంతలో పందులు తిరుగుతున్నాయి, మురుగు కాలవ పూడిక తియ్యాలి. ఆమె చదవడం, ఛైర్‌పర్సన్ సంపూర్ణమ్మ మేడం తలూపడం, సభ్యులు "పాస్, పాస్" అనడం. మిరపకాయ బజ్జీలు వచ్చేలోపు సగం ఎజెండా అయిపోయేది.

అన్నిటికంటే ముందు సంతాప తీర్మానం ఉంటుంది. పాత సభ్యులెవరైనా కాలం చేస్తే పేరు చదువుతారు. అందరూ లేచి, తల వంచుకుని రెండు నిమిషాలు మౌనంగా నిలబడతారు. మేడం "కూర్చోండి" అన్నాకే కూర్చోవాలి. అది మా కౌన్సిల్ పద్ధతి.

ఆ రోజు మబ్బు పట్టి మధ్యాహ్నమే సాయంత్రంలా ఉంది. మార్కెట్ వార్డు సభ్యుడు రాంబాబు గారు వక్కపొడి నముల్తూ వచ్చి భానుశ్రీ బల్ల మీదకి వంగారు.

"అమ్మాయ్, సంతాపంలో రత్తమ్మ పేరు ఎక్కించు."

"అయ్యో, పోయారా అండీ?"

"ఇంకా పోలేదు. బెజవాడ ఆస్పత్రిలో ఉంది. లాభం లేదన్నారంట. ఇవాళో రేపో."

"మరి పోకుండానే ఎట్లా అండీ..."

"మళ్ళీ మీటింగ్ వచ్చే నెల. అప్పటికి పాతబడిపోద్ది. ఇవాళైతే పేపరోళ్ళు కూడా వచ్చారు. మంచి ఫోటో పడుద్ది. ఆవిడకే గౌరవం."

మేడం విన్నారు. "ముందుచూపంటే నీదేనయ్యా రాంబాబూ. ఈ ముందుచూపు డ్రైనేజీ మీద పెడితే ఊరు బాగుపడేది" అన్నారు. అందరూ నవ్వారు. భానుశ్రీ కూడా నవ్వి, నా వైపు చూసింది. ఆమె నన్ను చూసి నవ్వడం అదే మొదలు. నేనూ నవ్వాను. లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉంది, అయినా నవ్వాను.

రత్తమ్మ గారిని ఎరగనివాళ్ళు మా ఊళ్ళో లేరు. నెత్తిన చేపల బుట్టతో వీధులన్నీ తిరిగిన మనిషి. ఒకప్పుడు పల్లెపాలెం వార్డు సభ్యురాలు. ఓడిపోయాక కూడా ప్రతి మీటింగుకీ వచ్చి వెనక బెంచీ మీద కూర్చునేది. ఎప్పుడూ ఒకటే అర్జీ. కాలవ మీద కల్వర్టు కూలిపోయింది, శ్మశానం అవతలి గట్టునుంది, శవాన్ని పీకల్లోతు నీళ్ళలోంచి మోసుకుపోతున్నాం, కట్టించండి బాబూ అని. ప్రతిసారీ వాయిదా పడేది.

భానుశ్రీ పేరు చదివింది. అందరూ లేచారు. తలలు వంచారు.

అప్పుడే వాన మొదలైంది. తడిసిన దుమ్ము వాసన హాల్లోకి వచ్చింది. ఫ్యాన్లు కిర్రుకిర్రుమంటున్నాయి. వాటి వెనక ఇంకో చప్పుడు. మెట్ల మీద ఎవరో ఆగి ఆగి ఎక్కుతున్నారు.

తలుపులో రత్తమ్మ గారు కనపడింది.

చీర తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. చేతికి ఆస్పత్రి సూది ఇంకా ప్లాస్టరుతో అట్లాగే ఉంది. లోపల అందరూ నిలబడి ఉండడం చూసింది. చెప్పులు బయటే విడిచింది. కొంగు సర్దుకుని, చేతులు కట్టుకుని, తనూ తల వంచి నిలబడింది.

కాసేపయ్యాక నా వైపు వంగి గుసగుసగా అడిగింది.

"ఎవరు పోయారు నాయనా?"

నేను మిక్సరు మీదకి తల దించుకున్నాను.

"ఎవరో... పాత మెంబరంట మామ్మా."

"అయ్యో" అంది. కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. పోయినవాళ్ళ కోసం దణ్ణం పెట్టుకుంటోంది.

మేడం కళ్ళు ఒక్కసారి పైకి లేచాయి. చూశాయి. మళ్ళీ దిగిపోయాయి. రాంబాబు గారి దవడ ఆగిపోయింది. ఒకరి తర్వాత ఒకరు, అందరూ చూశారు. అందరి తలలూ ఇంకా కిందికి వంగాయి. రెండు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. మేడం కూర్చోమనలేదు. కూర్చోమంటే తలెత్తాలి. తలెత్తితే ఆవిడ మొహం చూడాలి.

"ఇంతసేపా... ఎవరో పెద్దమనిషే అయ్యుంటారు" అంది రత్తమ్మ గారు. గోడ పట్టుకుంది. "నాయనా, ఇదయ్యాక మైకు ఇప్పించు. కల్వర్టు సంగతి ఇవాళ ఎజెండాలో ఉందంట. ఆస్పత్రోళ్ళ కాళ్ళు పట్టుకుని వచ్చాను. రెండు ముక్కలు చెప్పి పోతా."

నేను భానుశ్రీ వైపు చూశాను. ఆమె మొహం సున్నం కొట్టినట్టుంది. ఆవిడ మాట్లాడితే, ఈ పేరు టైపు చేసిందెవరన్న మాట వస్తుంది. ఊడేది రాంబాబు గారి పదవి కాదు. భానుశ్రీ తల అడ్డంగా ఊపింది. కొంచెమే. నాకు మాత్రమే తెలిసేంత.

"మైకు పాడైంది మామ్మా" అన్నాను.

నా చేతి కింద మిక్సరు లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. ఆవిడ వాటిని చూసింది. తర్వాత నన్ను చూసింది. తిట్టలేదు. "సర్లే నాయనా, నిలబళ్ళేకపోతున్నా" అని, వచ్చినంత నెమ్మదిగా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అప్పుడు మేడం "కూర్చోండి" అన్నారు.

కల్వర్టు అంశం వాయిదా పడింది.

ఆ రాత్రే ఆవిడ నిద్రలో పోయింది. మర్నాడు నేను కాలవ గట్టు మీద, దూరంగా చెట్టు చాటున నిలబడ్డాను. కుర్రాళ్ళు పాడె నెత్తి మీదకెత్తి నీళ్ళలో దిగారు. వాన నీరు ఎర్రగా, వడిగా ఉంది. ఒకడి కాలు జారింది. పాడె పక్కకి ఒరిగింది. ఆవిడ చెయ్యి ఒకటి జారి నీళ్ళకి తగిలింది. సూది ప్లాస్టరు ఎవరూ తియ్యలేదు. కౌన్సిల్ తరఫున ఒక్కరూ రాలేదు. వెళ్దామా అని మేడం అడిగితే "మనం చెయ్యాల్సింది ముందే చేసేశాం కదా అక్కగారూ" అన్నారట రాంబాబు గారు.

నేను చెట్టు చాటు నుంచి కదల్లేదు. ఏ మొహం పెట్టుకుని కదలను?

కొన్నాళ్ళకి హాల్లో వైర్లు చెమ్మ పట్టాయని కబురొస్తే సాయంత్రం వెళ్ళాను. కరెంటు లేదు. కిటికీ రెక్కల సందుల్లోంచి బూడిదరంగు వెలుతురు. కుర్చీలు వరసగా, ఖాళీగా ఉన్నాయి. నేను మిక్సరు ప్లగ్గు పీకి, వైర్లు తుడుస్తూ కూర్చున్నాను. అలవాటు కొద్దీ హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాను.

ఊపిరి వినిపించింది.

మాట మొదలెట్టబోయే ముందు పీల్చుకునే ఊపిరి. భానుశ్రీ అనుకున్నాను. గుండె ఝల్లుమంది, సిగ్గులేని గుండె. తలెత్తి చూశాను. ఆమె లేదు. వెనక బెంచీ దగ్గర, అర్జీలు ఇచ్చేవాళ్ళు మాట్లాడే స్టాండు మైకు మీద ఎర్ర దీపం వెలుగుతోంది.

కరెంటు లేదు. ప్లగ్గు నా ఒళ్ళోనే ఉంది.

మళ్ళీ ఊపిరి. ఈసారి కొంచెం దగ్గరగా. చేపల బుట్ట మీద కప్పిన తడిగుడ్డ వాసన... ఆస్పత్రి స్పిరిటు వాసన...

హెడ్‌ఫోన్లు లాగేశాను.

లాగేసినా వినిపించింది.

"ఎవరు పోయారు నాయనా?"

కోపం లేదు ఆ గొంతులో. నిజంగా తెలియక అడుగుతున్నట్టుంది. చెప్పాలనుకున్నాను... నోరు తెరిచాను... రాలేదు.

మెట్ల మీద పరుగున అడుగుల చప్పుడు. భానుశ్రీ వచ్చి తలుపు దగ్గర ఆగిపోయింది.

"బాబీ, ఎవరితో మాట్లాడుతున్నావ్?"

"నేను మాట్లాడలేదండీ."

"కింద గేటు మీది హార్న్ స్పీకర్లోంచి నీ గొంతు రోడ్డంతా వినపడుతోంది." ఆమె తలుపు రెక్క పట్టుకుంది. "'ఎవరో పాత మెంబరంట' అంటున్నావ్. మళ్ళీ మళ్ళీ అదే అంటున్నావ్."

నేను స్టాండు మైకు వైపు చూశాను. ఎర్ర దీపం ఆరిపోయింది.

ఆ తర్వాత అది ఆఫీసులోనే ఆగలేదు. మా షాపులో బాగుకొచ్చిన స్పీకరు డబ్బాల్లోంచి, చర్చి పండక్కి కట్టిన బాక్సుల్లోంచి, ఫోను చెవిలో పెట్టుకుంటే అందులోంచి. అదే ప్రశ్న. అంతే నెమ్మదిగా. జవాబు చెప్పేదాకా ఆవిడ వెళ్ళదని నాకు అర్థమైంది. తను పోయినట్టు ఆవిడకి ఇంకా ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన చోట నేను అబద్ధం చెప్పాను.

"వచ్చే మీటింగులో లేచి చెప్పేస్తాను" అన్నాను భానుశ్రీతో.

ఆమె గోళ్ళు చూసుకుంది. "టైపు చేసింది నేను. పోయేది నా ఉద్యోగమే. నీకు తెలుసుగా."

"రాంబాబు గారు చెప్పారని చెప్తా. మైకు ఆపింది నేనని చెప్తా."

"నీ మాట ఎవరు నమ్ముతారు బాబీ?" అంది. తర్వాత "చెప్పు. నా వైపు మాత్రం చూడకు" అంది. అప్పటికే నాతో అన్నీ అయిపోయినట్టుంది ఆ గొంతు. అయిపోవడానికి అసలేం మొదలైందని.

మీటింగ్ రోజు వచ్చింది. మంచి ఎండ. సంతాపాలేం లేవు. భానుశ్రీ పందుల సంగతి చదవబోతుంటే నేను లేచి స్టాండు మైకు దగ్గరికి నడిచాను.

"మేడం, ఒక్క మాట."

"ఏరా బాబీ, నువ్వెప్పుడు నెగ్గావు? ఏ వార్డు?" అన్నారు రాంబాబు గారు. అందరూ నవ్వారు.

"రత్తమ్మ గారు పోయారండి" అన్నాను.

నవ్వు ఆగింది.

"ఆ రోజు మనం నిలబడ్డప్పుడు పోలేదు. ఇక్కడే, నా పక్కనే నిలబడ్డారు. ఎవరు పోయారని నన్నడిగారు. నేను..."

కుర్చీ జరిగిన చప్పుడైంది. మేడం లేచి నిలబడ్డారు. ఆవిడ పక్కన రాంబాబు గారు. తర్వాత వరసగా అందరూ. అందరూ తలలు వంచారు.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళకి ఆవిడ కోసం నిజంగా నిలబడ్డారనుకున్నాను. మైకు పట్టుకుని అంతా చెప్పాను. సూది గురించి చెప్పాను. నీళ్ళకి తగిలిన చెయ్యి గురించి చెప్పాను. వెలుగుతున్న లైట్ల మీద చెయ్యి పెట్టి మైకు పాడైందన్న నా మాట చెప్పాను. "సిగ్గుగా ఉందండి" అన్నాను. "మీరేం చేసినా పర్లేదు."

ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఎవరూ తలెత్తలేదు.

"అయిపోయిందండి. కూర్చోండి" అన్నాను.

కూర్చోలేదు.

కూర్చోమనాల్సిన మేడం గడ్డం గుండెకి ఆనుకుని ఉంది. రాంబాబు గారి పెదవి చివర్నుంచి వక్కపొడి ఎర్రగా కారి చొక్కా మీద పడుతోంది. తుడుచుకోవడం లేదు. పేపరతను కెమెరా పట్టుకునే తల వంచాడు. నేను బల్ల దగ్గరికి పరిగెత్తి మిక్సరు చూశాను. "మేడం" అన్నాను గట్టిగా. మాట పడగానే ఎగిరే లైట్లు, నా గొంతుకి ఒక్కటి కూడా కదల్లేదు.

"భానుశ్రీ" అన్నాను. గారూ అనకుండా పిలిచాను, మొదటిసారి. చూడొద్దన్నా చూశాను. ఆమె జడ ముందుకు జారి మొహాన్ని కప్పేసింది. ఊపిరి పీల్చుకుంటున్న చప్పుడు కూడా లేదు.

అప్పుడు తెలిసింది. రోడ్డు మీద చప్పుడు లేదు. ఆటోలు లేవు. హారన్లు లేవు. కిటికీ దగ్గరికి వెళ్ళాను.

కింద ఉయ్యూరు బస్సు ఆగి ఉంది. లోపలి జనం సీట్లలోంచి లేచి నిలబడి ఉన్నారు. ఎదుట టీ కొట్టు ముందు మనుషులు గ్లాసులు చేతుల్లో పట్టుకునే, ఎండలో తలలు వంచుకుని నిలబడ్డారు. టీ కొట్టాయన గరిట పట్టుకుని పొయ్యి పక్కనే నిలబడ్డాడు. పాలు పొంగి గిన్నె అంచు దాటి మంట మీద పోతున్నాయి. మాడు వాసన పై దాకా వస్తోంది.

ఎవరూ దించడం లేదు.