చేత్తో వేసిన ముఖం

స్పిరిట్లో ముంచిన దూదితో బొమ్మను ఒక మూల మెల్లగా రుద్దగానే ఆమెకు ఒళ్లు మండిపోయింది.

ఆ బొమ్మ తెచ్చినావిడ ఒక రిటైరైన లెక్కల టీచరు. భర్త సిటీ బస్సు డ్రైవరు, పోయిన ఏడాది కాలం చేశారు. హాల్లో ఆయన బొమ్మ ఉండాలని, ఫొటో కాకుండా ఒక మనిషి కూర్చుని వేసిన బొమ్మే ఉండాలని, మెయిన్ రోడ్డు మీది పోర్ట్రెయిట్ షాపులో ఆర్డరిచ్చారు. బొమ్మ వచ్చింది. చూడ్డానికి బంగారంలా ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది. చిన్నప్పుడు దెబ్బ తగిలి డ్రైవరుగారి ఎడమ కనుబొమ మధ్యలో తెగి ఉండేది. ఆ కన్ను రెండోదానికంటే కాస్త చిన్నది. బొమ్మలో కనుబొమ అతుక్కుపోయింది, కళ్లు రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి.

"మూడు రోజులు పలకరించానమ్మాయ్. నాలుగో రోజు మానేశాను. పరాయి మగాడితో మాట్లాడుతున్నట్టుంది," అన్నారావిడ.

ఆ కన్ను కొంచెం చిన్నది చేసిపెడతావా అని అడగడానికే, టైలరు షాపు పైగదిలో బొమ్మలు వేసుకునే ఈమెను వెతుక్కుంటూ వచ్చారు. దిద్దడానికి అక్కడ రంగంటూ ఉంటే కదా. దూదికి అంటుకున్నది జిగురు. పైన గాజులాంటి జెల్లు పొర, దాని కింద మిషను చల్లిన ఇంకు. భూతద్దం పెట్టి చూస్తే డ్రైవరుగారి బుగ్గ నిండా చుక్కలే. క్యాన్వాసు వెనక మాత్రం బంగారు అక్షరాల చీటీ ఉంది: నూటికి నూరు శాతం చేత్తో వేసినది.

ఆమె బొమ్మను చంకన పెట్టుకుని మెట్లు దిగింది. బయట వాన పట్టుకుంది. తడిస్తే తడవనీ అనుకుని నాలుగడుగులు వేసింది. అది టీచరుగారి సొత్తని గుర్తొచ్చి, తన స్వెటరు విప్పి దానికి కప్పింది. షాపు చేరేసరికి బొమ్మ పొడిగా ఉంది, ఆమె మాత్రం తడిసి ముద్దయింది.

లోపల ఏసీ చల్లగా తగిలింది. గోడల నిండా ముఖాలు. ఒక్కరికీ కన్ను వంకర లేదు, మచ్చ లేదు. కౌంటర్ వెనక ఇస్త్రీ నలగని చొక్కాతో మేనేజరు లేచి నిలబడి, ముందు టిష్యూ డబ్బా జరిపాడు. అతని మర్యాద చూసి ఆమెకు ఇంకా మండింది. ఇది ఎవరు వేశారో చెప్పమంది. వేరే ఊళ్లో తమకు నలభైమంది ఆర్టిస్టులున్నారని, ఒక్కో బొమ్మకు రెండు వారాలు పడుతుందని అతను ఒప్పజెప్పినట్టు చెప్పాడు. నలభైమందిలో ఒక్కరి పేరు చెప్పమంది. అతనికి తెలియలేదు. ఆమె భూతద్దం తీసి చుక్కలు చూపించింది. అతను వంగి చూశాడు, తలెత్తాడు, కుడి చెవి రుద్దుకున్నాడు. అప్పుడు అడగకూడని మాట అడిగాడు.

"మీకు బేరాలు తగ్గాయనా అండీ, ఈ కోపం?"

"నాకు బేరాలు తగ్గితే ఇంకో పని చూసుకుంటాను. పోయినాయన ముఖాన్ని మీరు ఇంకోసారి పోగొట్టారు. దానికేం చేస్తారు?"

ఆమె బొమ్మ తీసుకుని వచ్చేసింది. స్వెటరు అక్కడే మరిచిపోయింది.

రెండు వారాల తర్వాత అతను మెట్లెక్కి పైకి వచ్చాడు. ఒక చేతిలో ఉతికి మడతపెట్టిన స్వెటరు, ఇంకో చేతిలో రెండు క్యాన్వాసులు. రెండింటి మీదా అతని ముఖమే. ఒకే ఫొటోను రెండు వేరువేరు పేర్లతో ఆర్డరు పెట్టాడట. ఒకదాంట్లో కాలరు మీద బ్రష్షు జారినట్టు ఒక తెల్లగీత ఉంది. రెండో దాంట్లోనూ అదే చోట, అదే వంకరతో అదే గీత.

తప్పయిందన్నాడు. పోట్లాడ్డానికి సర్వసన్నద్ధంగా ఉన్న ఆమెకు కాళ్ల కింద నేల లాగేసినట్టయింది. పూర్తిగా ఒప్పేసుకునేవాడితో ఏమని పోట్లాడుతుంది?

"నలభైమంది ఆర్టిస్టులని రెండేళ్లుగా చెప్పింది నేనే. ఎవరో చెప్పమంటే చెప్పానని అనను," అన్నాడు.

మరి ఇప్పుడేం చేస్తారని అడిగింది. షాపు తన అక్క భర్తదని, ముందు బావను అడగాలని అన్నాడు. అడగండి, చేత్తోనే జవాబిస్తారేమో చూద్దాం, అందామె. అతను నవ్వబోయి, ఆమె నవ్వడం లేదని చూసి ఆపేశాడు.

బావ చెయ్యి చేసుకోలేదు గానీ నవ్వేశాడట. ఈ వ్యాపారంలో అందరూ చేసేది ఇదే, కొనేవాళ్లకు పోలిక, మెరుపు ఉంటే చాలు, భూతద్దం పట్టుకుని ఎవడొస్తాడు అన్నాడట. అక్క మొహం చూసి అతను ఊరుకున్నాడు. ఆ సంగతి విని ఆమె ఒక్కటే అంది: ఊరుకున్నవాడు కూడా అమ్మినవాడితో సమానమే. అతను తల దించుకున్నాడు.

ఈలోగా టీచరుగారి కోసం ఆమె డ్రైవరుగారి బొమ్మ మొదటినుంచి మొదలుపెట్టింది. ఒక్క ఫొటో చాలదంది. టీచరుగారు వచ్చి కిటికీ పక్కన కూర్చుని ఆయన గురించి చెబుతూ ఉండాలంది. ఆయనెలా నవ్వేవారు, కోపమొస్తే ఎటు చూసేవారు, బస్సు దిగొచ్చాక ముఖం ఎలా ఉండేది, అన్నీ కావాలంది. టీచరుగారిని స్కూటర్ మీద తీసుకొచ్చే పని మేనేజరు నెత్తిన వేసుకున్నాడు. మధ్యాహ్నం షాపు మూసే రెండు గంటలూ అక్కడే గోడకానుకుని నిలబడేవాడు. వెలుగుకి అడ్డమని ఆమె ఒకచోటి నుంచి లేపితే, ఇంకోచోటికి పోయి మళ్లీ వెలుగుకే అడ్డం నిలబడేవాడు.

కెమెరాలు లేని రోజుల్లో జనం బొమ్మలు ఎందుకు వేయించుకునేవారని ఒకరోజు అడిగాడు. ఆమె బ్రష్షు ఆపకుండానే చెప్పింది. రెండు వేల ఏళ్ల కిందట ఈజిప్టులో పోయినవాళ్ల ముఖాలను చెక్కపలకల మీద వేసి గుడ్డ చుట్టిన శవం ముఖం మీదే అమర్చేవారట. ఇవాళ్టికీ వాటిని చూస్తే ఇప్పుడే మాట్లాడబోతున్నట్టుంటాయి. ఎందుకంటే వేసినవాడు ఒక మనిషిని చూసి వేశాడు. తర్వాత రాజుల కాలంలో, దూరదేశపు పెళ్లికూతుర్ని చూసి రమ్మని చిత్రకారుణ్ణి పంపేవారు. వాడు మొహమాటపడి మెరుగులు దిద్దాడంటే రెండు దేశాలకూ తలనొప్పే. కెమెరా వచ్చినప్పుడు ఇక పోర్ట్రెయిట్లు వేసేవాళ్ల పని సరి అన్నారు. సరి కాలేదు.

"మెరుగులు దిద్దడం మీ మిషను కనిపెట్టింది కాదు. కానీ అప్పుడు అబద్ధమాడింది ఫలానావాడని తెలిసేది, పట్టుకుని అడిగేవారు. ఇప్పుడు ఎవర్నడగాలి?"

మరి కొనేవాళ్లు ఎలా తెలుసుకోవాలన్నాడు. ఎవరు వేశారు, ఎంతసేపు చూసి వేశారు, ఈ రెండూ అడగాలి. చెప్పలేకపోతే గుమ్మం దిగిపోవాలి. అంతకు మించి చదువక్కర్లేదంది. అతను ఫోన్‌లో రాసుకున్నాడు. ఇది కూడా చీటీ మీద అచ్చేస్తారా అని ఆమె దెప్పింది. అతను చెవి రుద్దుకున్నాడు.

ఆ చెవి ఆమెకు పెద్ద తలనొప్పి అయింది. ఇరుకున పడ్డప్పుడల్లా అతను దాన్ని రుద్దుతాడు, అది ఎర్రబడుతుంది, ఎండ తగిలితే అంచు వెలుగుతుంది. ఇన్నేళ్లలో ఎన్ని చెవులు వేసిందో ఆమెకు లెక్కలేదు, ఏ చెవీ ఇలా పని చెడగొట్టలేదు. ఒకరోజు రంగు చూసుకునే కాగితం మూల ఏదో గీస్తుంటే, టీచరుగారు కళ్లజోడు సవరించుకుని తొంగిచూశారు.

"మా ఆయన చెవి అలా ఉండదమ్మాయ్."

ఆమె కాగితం తిరగేసింది. గోడ దగ్గర మేనేజరు కిటికీలోంచి వాన ఎంత బాగా పడుతోందో చూస్తూ నిలబడ్డాడు. బయట వాన పడటం లేదు.

బొమ్మ పూర్తయిన రోజు టీచరుగారు దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తెగిన కనుబొమ, చిన్న కన్ను, ఒకవైపే లేచే నవ్వు. తర్వాత చిరాగ్గా, "మళ్లీ పై బొత్తాం పెట్టుకోలేదా మీరు," అన్నారు. అంతే. ఆమె బ్రష్షులు కడగడానికి వెళ్లింది. అతను స్కూటర్ తాళాలు వెతుక్కోసాగాడు, అవి అతని చేతిలోనే ఉన్నాయి.

మూడు రోజుల తర్వాత మెయిన్ రోడ్డు మీద నడుస్తూ ఆమె ఆగిపోయింది. షాపు అద్దంలో నిలువెత్తు ఫొటో ఉంది. కిటికీ వెలుగులో బ్రష్షు పట్టుకుని డ్రైవరుగారి కనుబొమ వేస్తున్నది తనే. కింద పెద్ద అక్షరాలు: మా చిత్రకారులు మనసుపెట్టి వేస్తారు.

కాసేపు ఆమెకు వాహనాల చప్పుడు కూడా వినిపించలేదు. చుక్కల బొమ్మలకు తన చేతిని అరువు తెచ్చుకున్నారు. రేపు ఇంకో టీచరుగారు ఈ అద్దం ముందు నిలబడి, ఈ చేతిని నమ్మి లోపలికి వెళతారు. అక్కడే నిలబడి ఫోన్ చేసింది.

"ఆ ఫొటో తీసింది మీరేనా?"

"అవునండీ, కానీ..."

ఆ 'కానీ' తర్వాతది ఆమెకు అక్కర్లేదు. నంబరు బ్లాక్ చేసింది. ఇంటికొచ్చి, చెవి గీసిన కాగితాన్ని ముక్కలు చేసింది. చెవికి కూడా మర్యాద ఇచ్చినందుకు తనను తాను తిట్టుకుంది. ఎనిమిది రోజులు పనిచేసింది గానీ, వేసిన ప్రతి ముఖమూ ఎవరినో కొట్టబోతున్నట్టు వచ్చింది.

తొమ్మిదో రోజు టీచరుగారు మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూలబడి, నువ్వు తెలివైనదానివనుకున్నానే అన్నారు. తర్వాత సంగతంతా చెప్పారు. ఆ ఫొటో మర్నాడే దిగిపోయింది. దించింది మేనేజరే. దాని స్థానంలో తన చేత్తో ఒక కాగితం రాసి అంటించాడు: ఇక్కడివి మిషను అచ్చులు, చేత్తో వేసినవి కావు, తెలిసి కొనండి. బావ చింపేశాడు. అతను మళ్లీ రాశాడు. రెండోసారి బావ కాగితంతోపాటు బావమరిదినీ బయటికి పంపాడు. అప్పటినుంచి, రెండేళ్లలో తను బొమ్మలు అమ్మిన ప్రతి ఇంటికీ ఫోన్ చేసి నిజం చెబుతున్నాడు. టీచరుగారికీ చేశాడు. ఒక పెద్దాయన అరగంటసేపు తిట్టిపోస్తే చివరిదాకా విని, మళ్లీ క్షమించమన్నాడట. ఇప్పుడు కలప డిపో పక్కన ఫ్రేములు కోసే వర్క్‌షాపులో పనికి కుదిరాడు.

ఆమె ఆ మధ్యాహ్నమే వెళ్లింది. క్షమాపణ చెప్పాలనే బయల్దేరింది. కానీ నెత్తి నిండా రంపపు పొట్టుతో, మోకాళ్ల మధ్య ఫ్రేము పెట్టుకుని మేకులు కొడుతున్న అతన్ని చూడగానే ఎక్కడలేని కోపం వచ్చింది.

ఇదంతా తనకెందుకు చెప్పలేదని నిలదీసింది. నంబరు బ్లాక్ చేశారుగా అన్నాడు. మెట్లున్నాయిగా అంది. ఉద్యోగం పోయాక వస్తే జాలికోసం వచ్చాననుకుంటారని రాలేదన్నాడు. అంటే నేను మనుషుల్ని అంత తక్కువగా చూస్తాననా మీ ఉద్దేశం అని ఇంకో మెట్టెక్కింది. పక్క బల్ల దగ్గర పనివాళ్లు రంపం ఆపేశారు.

"అసలు నన్నడక్కుండా ఫొటో ఎందుకు తీశారు?"

"నాకోసం తీసుకున్నాను. షాపు కోసం కాదు. అడగాల్సింది, అది నా తప్పే."

"మీకోసం తీసుకున్నది అద్దంలోకెలా ఎక్కింది?"

అతను సుత్తి కింద పెట్టాడు. చెవి రుద్దుకున్నాడు. అక్క ఫోన్‌లో ఆ ఫొటో చూసి ఎవరని అడిగిందట. ఈ అమ్మాయి ఒప్పుకుంటే పెళ్లి చేసుకుంటానని చెప్పాడట. అక్క మురిసిపోయి బావకు పంపిందట. బావకు అందులో పెళ్లికూతురు కనిపించలేదు, చేతిలో బ్రష్షే కనిపించింది.

ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"అంటే ముందు మీ అక్కకు తెలిసింది. తర్వాత మీ బావకు తెలిసింది. ఆయన అద్దంలో పెడితే ఊరందరికీ తెలిసింది. నాకు మాత్రం ఇవాళ, రంపపు పొట్టులో నిలబడ్డాక తెలుస్తోంది. అందరికంటే ముందు అడగాల్సింది ఎవర్నండీ?"

"మిమ్మల్నే."

"మరి అడగండి."

అతను లేచాడు, ఒడిలో ఫ్రేము కింద పడింది. పడితే పడనిచ్చి, నన్ను పెళ్లి చేసుకుంటారా అని అడిగాడు. గొంతు పెద్దగా రాలేదు గానీ, రంపాలు ఆగి ఉండటంతో అందరికీ వినిపించింది.

ఆమె అతని వైపు చూసింది. ఎడమ కన్నులో పొట్టు పడి నీళ్లొస్తున్నాయి, ముక్కు కాస్త పక్కకుంది, గడ్డం రెండు రోజులుగా మాసి ఉంది. దిద్దవలసింది ఏదీ కనిపించలేదు.

"చేసుకుంటాను. కానీ నా కోపం తగ్గలేదు. అది తెలిసే చేసుకోండి," అంది.

గుమ్మం దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. తమ్ముడికి క్యారియర్ తెచ్చిన అక్క. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. తిన్నగా వచ్చి క్యారియర్ బల్ల మీద పెట్టి, కొంగుతో ఆమె భుజం మీది పొట్టు దులిపింది.

"తగ్గించుకోకమ్మా. మా ఇంట్లో ఆ కోపానికి బోలెడంత పనుంది. మా ఆయనకు నేనొక్కదాన్నే సరిపోవడం లేదు."