వెటకారాన్ని వడకట్టే గింజ

లిఫ్టు పకపకా నవ్వింది.

"రెండో అంతస్తుకి కూడా నేనేనా మహారాణీ? మెట్లేమైనా కరుస్తాయా?"

మున్సిపల్ కమిషనర్ అపరంజి గారి ముఖం ఎర్రబడింది. పక్కనే నిలబడ్డ ధాత్రి మాత్రం లోపల సంబరపడింది. ప్రయోగానికి ఇంతకంటే మంచి ఆరంభం దొరకదు.

ఆ రోజుల్లో విశాఖలో యంత్రాలన్నీ అలాగే మాట్లాడేవి. టీవీలో ఎదుటివాణ్ణి ఉతికి ఆరేసే షోలకి జనం ఎగబడుతున్నారని కంపెనీలు కనిపెట్టాయి. ఆ యాంకర్ల గొంతులే కొని యంత్రాల్లో పెట్టాయి. ఏటీఎం "ఈ బ్యాలెన్స్‌కి స్లిప్పు కూడానా?" అనేది. ఫ్రిజ్ తలుపు తీస్తే "మళ్ళీనా?" అనేది. కరెంటు పోయిందని ఫోన్ చేస్తే ఆఫీసు యంత్రం "వెలుతురుంటే మాత్రం ఏం ఉద్ధరించేవాడివి?" అని పెట్టేసేది. మొదట అందరూ నవ్వారు. తర్వాత, నవ్వనివాళ్ళకి హాస్యం తెలీదన్నారు. ఆ తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు గానీ యంత్రాలు ఊరుకోలేదు.

ధాత్రి శనగగింజంత పరికరాన్ని కమిషనర్ చేతిలో పెట్టింది. "ఇది చెవిలో పెట్టుకుని మళ్ళీ బటన్ నొక్కండి మేడం."

"రెండో అంతస్తు" అంది లిఫ్టు. అంతే.

"ఎలా చేశావమ్మా?"

"వెటకారానికి ఒక తీరు ఉంటుంది మేడం. మాట ఒకచోట సాగుతుంది, ఒకచోట ఆగుతుంది, చివర్లో పైకి లేస్తుంది. ఈ మూడూ కలిసిన ధ్వనిని ఈ గింజ చెవిదాకా రానివ్వదు. అవసరమైన సమాచారాన్ని మాత్రం వదులుతుంది. నూటికి తొంభై ఆరుసార్లు సరిగ్గా పట్టుకుంటోంది."

"మిగతా నాలుగు?"

"వచ్చే నెలకి అవీ ఉండవు."

అన్నట్టే చేసింది. ధాత్రికి ఇరవై నాలుగేళ్ళు. వెనక ఏ కంపెనీ లేదు, ల్యాబ్ అంటే అద్దెగది బాల్కనీ. అయినా ఏడాది తిరక్కుండా నగరంలో ప్రతి ముగ్గురిలో ఇద్దరి చెవిలో ఆమె 'మన్నన' గింజ ఉంది. ఫోన్ కూడా దాంట్లోనే కాబట్టి ఎవరూ తీసేవారు కాదు. ఉతికే షోల రేటింగులు సగానికి పడిపోయాయి. బస్సులో కూర్చుని, చిరాకు లేని ముఖాల్ని లెక్కపెట్టుకోవడం ధాత్రికి అలవాటైంది. ఇది నా పనే అనుకుంటే ఆమెకి ఛాతీ ఉప్పొంగేది. మన్నన రాష్ట్రమంతా ఇవ్వడానికి సభ కూడా ఖాయమైంది.

తయారైన మొదటి గింజని ఆమె రావులపాలెంలో ఉన్న తాతాజీ బాబాయికి పంపింది. అరటిగెలల వ్యాపారం ఆయనది. అమ్మ ఆసుపత్రి డ్యూటీల్లో ఉన్నప్పుడు ధాత్రిని ఎత్తుకు తిప్పినవాడు. రోజూ సాయంత్రం ఫోన్ చేసి అరగంట వాయించకపోతే ఆయనకి అన్నం సహించదు.

అలాంటివాడు ఈమధ్య "హలో" అంటాడు. తర్వాత అంతా నిశ్శబ్దం. చివర్లో "ఉంటానమ్మా" అంటాడు. రానురాను ఫోన్లు తగ్గాయి. సభకి రమ్మంటే, "పెద్దవాళ్ళ మధ్య మేమెందుకులే తల్లీ" అన్నాడు.

ఆమెను 'ఏమే' అనడమే తప్ప ఏనాడూ 'తల్లీ' అనని మనిషి. మర్నాడు పొద్దున్నే ధాత్రి కారేసుకుని బయల్దేరింది.

మార్కెట్‌లో గెలల మధ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు తాతాజీ. ఆమెను చూడగానే చెయ్యి ఊపుతూ ఏదో అన్నాడు. పక్కనున్న హమాలీలు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ధాత్రికి మాత్రం వాళ్ళ నవ్వూ, లారీల చప్పుడూ తప్ప ఏమీ వినబడలేదు. బాబాయి పెదవులు కదులుతూనే ఉన్నాయి.

చటుక్కున చెవిలోంచి గింజ తీసేసింది.

"...ఆ నడక చూడండ్రా, కాలికింద నేల కూడా ఈవిడే కనిపెట్టినట్టు! ఆయ్, బస్సెక్కితే పరువు పోద్దా సైంటిస్టు గారూ?"

ధాత్రి కళ్ళు నిండిపోయాయి. గబగబా వెళ్ళి ఆయన చెవిలో గింజ కూడా లాగేసింది.

"అదేంటే! నువ్విచ్చావని స్నానానికి కూడా తీయలేదు!"

"నీకు నామీద కోపం వచ్చిందనుకున్నాను బాబాయ్."

"నాకా? రోజూ అరగంట తిడతన్నాను, ఒక్కదానికీ బదులు లేదు. మర్యాద నేర్చుకుంది, ఇక మనం పరాయివాళ్ళం అనుకున్నాను."

"నేనూ అంటూనే ఉన్నాను! నీ తలమీద మిగిలిన నాలుగు వెంట్రుకల్నీ పేరుపేరునా అడిగాను."

"నాకు 'భోంచేశావా' అన్నదొక్కటే వినపడేది. బ్యాంకువాళ్ళు పలకరించినట్టు."

ఇద్దరూ నవ్వుకున్నారు. కాసేపటికి ధాత్రి నవ్వు ఆగిపోయింది. యంత్రం తప్పు చేయలేదు. టీవీ యాంకర్లు ఈ యాసని ఇలాంటి మార్కెట్లలోంచే ఎత్తుకుపోయారు. రెండింటి ధ్వనీ ఒకటే. సభ జరిగితే రాష్ట్రంలో ఎన్ని ఇళ్ళు ఇలా మూగబోతాయో!

"బాబాయ్, ఆ లిఫ్టు అనేదానికీ నువ్వు అనేదానికీ తేడా ఏంటి?"

"ఇదేం ప్రశ్నే? నన్ను నువ్వు తిరిగి అనొచ్చు. లిఫ్టుని ఏమని ఏం లాభం?"

ధాత్రి అక్కడే, ఒక గెల మీద కూర్చుండిపోయింది. తర్వాత అపరంజి గారికి ఫోన్ చేసింది.

"సభ వాయిదా వెయ్యాలి మేడం."

"గింజ పని చెయ్యడం లేదా?"

"నూటికి నూరుపాళ్ళూ చేస్తోంది. అందుకే ఆపమంటున్నాను."

కొత్త మన్నన వచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. దాని సూత్రం ఒక్కటే. తిరిగి ఒక మాట పడి, నవ్వగలిగినవాడి వెటకారమే చెవికి చేరుతుంది. ఊళ్ళలో అరుగుల మీద నవ్వులు మళ్ళీ వినబడ్డాయి. ఒక్క మాట కూడా పడలేని యాంకర్లు మాత్రం తెరమీద మూగగా చేతులు తిప్పుతూ మిగిలారు.

సభలో ధాత్రికి శాలువా కప్పుతుంటే, మొదటి వరసలోంచి తాతాజీ గొంతు ఖంగుమంది.

"సరిపోయిందా, పరుపు కూడా తెమ్మంటావా?"

"ముందు నీ తలకి కప్పు బాబాయ్, స్టేజి మీదికి వెలుగు కొడుతోంది!" అంది మైకులో.

సభ గొల్లుమంది. ఆ నవ్వులో తాతాజీ కళ్ళు తుడుచుకోవడం ధాత్రి ఒక్కతే చూసింది. అది చూసి కలిగినంత గర్వం ఆమెకి శాలువాని చూసుకున్నప్పుడు కూడా కలగలేదు.

మర్నాడు విశాఖలో తన అపార్ట్‌మెంటుకి వస్తే లిఫ్టు ముందు గుంపు. కంపెనీవాళ్ళు రాత్రికిరాత్రే సాఫ్ట్‌వేర్ మార్చేశారట. లిఫ్టు బతిమాలుతోంది: "ఒక్క మాట అనండి సార్. పడతాను, నవ్వుతాను. తర్వాత నేనూ ఒకటంటాను."

ఇన్నేళ్ళ కసి తీర్చుకునే అవకాశం ఎవరు వదులుకుంటారు? మూడో అంతస్తు రిటైర్డ్ హెడ్మాస్టర్ గారు, ఐదో అంతస్తు పెళ్ళికూతురు, వాచ్‌మన్, అందరూ లోపల కిక్కిరిసి దానితో పోటాపోటీగా దెప్పుకుంటున్నారు. ఎవరూ బటన్ నొక్కడం లేదు. లిఫ్టూ కదలడం లేదు.

ధాత్రి కాసేపు చూసి, సంచీ భుజానికెత్తుకుని మెట్లవైపు నడిచింది.

వెనకనుంచి లిఫ్టు అరిచింది. చెవిలో మన్నన ఉన్నా, ఈసారి స్పష్టంగా వినబడింది.

"చూశారా, మెట్లు కరవ్వు!"