ఆవిరి మీద నింద

కుండ మూత తీయగానే ఆవిరి గుప్పున కొట్టి నాయున్ కళ్ళజోడు తెల్లబడిపోయింది. చేతిలో నూడుల్స్ గిన్నెతో గోడకు గుద్దుకోబోయి ఆగింది.

"ఇదే ఆఖరమ్మా! రేపీపాటికి ఈ సోడాబుడ్లు చెత్తబుట్టలో ఉంటాయి," అంది తల్లి మిగ్యాంగ్‌తో.

కొరియాలోని దేగూ ఊరి బజారులో వాళ్ళది చిన్న నూడుల్స్ కొట్టు. కాలేజీ ప్రవేశ పరీక్ష అయిపోయింది. పరీక్ష రాసిన పిల్లలకి అక్కడ తల్లిదండ్రులిచ్చే బహుమతి, కళ్ళజోడు అవసరం లేకుండా చేసే లేజర్ ఆపరేషనే. హాల్ టికెట్ చూపిస్తే ఆస్పత్రిలో ఫీజు కూడా తగ్గిస్తారు. కళ్ళజోడు వల్ల బళ్ళో తొమ్మిదేళ్ళు 'కప్ప' అనిపించుకున్న నాయున్, అది లేకుండా కాలేజీ గడప తొక్కాలని తహతహలాడుతోంది.

బయట ఎండలో చాప పరుచుకుని నాయనమ్మ వెల్లుల్లి ఒలుస్తోంది. ఇరవై ఏళ్ళ కిందట చూపు మసకబారడం మొదలైతే, కుండ ఆవిరి కళ్ళు తినేస్తోందని కొడుక్కి, అంటే నాయున్ నాన్నకి, పొయ్యి అప్పగించి ఎండలోకి వచ్చేసిందావిడ. ఆస్పత్రి మాటెత్తితే ఒప్పుకోదు. టోపీ పెట్టుకోమన్నా కసురుతుంది. "నిన్ననే చేయించుకున్న ఉంగరాల జుట్టు అణిగిపోవాలనా?"

మర్నాడు డాక్టరమ్మ కాగితాలు తిరగేస్తూ చెప్పింది. "కంటి పైపొర ఆపరేషన్‌కి చాలినంత మందంగానే ఉంది. రెండేళ్ళుగా పవర్ మారలేదు. కళ్ళు పొడిబారలేదు. అన్నీ సరిపోయాయి. కానీ జన్యు పరీక్షలో ఒకటి బయటపడింది. కంటి పొరలో తెల్లమచ్చలు వచ్చే జబ్బమ్మా. లేజర్ తగిలితే అవి ఇంకా పెరిగి చూపుకే మోసం వస్తుంది. నీకు ఈ ఆపరేషన్ ఎప్పటికీ వద్దు."

"నాకెలా వచ్చింది?"

"అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చి ఉంటుంది."

ఆ ఒక్క మాటతో కొట్లో రభస మొదలైంది.

"మా వంశంలో ఇలాంటివి లేవు! నీ పుట్టింటివాళ్ళని అడుగు," అంది నాయనమ్మ.

మిగ్యాంగ్‌కి ఒళ్ళు మండిపోయింది. "మరి మీ కళ్ళ సంగతేమిటత్తయ్యా?"

"అది ఆవిరి!"

"ఆవిరైతే ఇరవై ఏళ్ళుగా అందులోనే ఉడుకుతున్న మీ అబ్బాయికి రాలేదేం?"

గరిటె పట్టుకున్న నాయున్ నాన్న ఇద్దరి మొహాలూ చూసి కుండ వైపు తిరిగిపోయాడు.

"ఎవరిదైతే ఏం!" నాయున్ భోరుమంది. "నేను చచ్చేదాకా కప్పనేగా!"

నాయనమ్మ చేతిలో వెల్లుల్లి చాప మీద పడిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడే బయల్దేరింది. "పదండి. నా కళ్ళూ చూస్తారేమో అడుగుదాం."

ఆస్పత్రిలో చూస్తే తల్లీకొడుకులిద్దరి కళ్ళలోనూ మచ్చలున్నాయి. కొడుక్కి నాలుగైదు చుక్కలే. ఆవిడకి మంచు పట్టిన అద్దంలా ఉంది.

"ఆవిరి ఏం చెయ్యలేదు పెద్దమ్మగారూ. దీనికి ఎండే శత్రువు. మీ అబ్బాయి నీడపట్టున ఉండి బతికిపోయారు," అంది డాక్టరమ్మ.

"ఆవిరికి భయపడి పారిపోయి సరిగ్గా శత్రువు నోట్లోనే కూర్చున్నాను," అని నాయనమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "నీ పుట్టింటివాళ్ళని ఊరికే ఆడిపోసుకున్నానే."

"పోనీలెండత్తయ్యా."

నాయున్ మాత్రం బజారులోకి వెళ్ళిపోయింది. కాలేజీకని దాచుకున్న చేతిఖర్చుతో, ముసలమ్మలు ఎండ పడకుండా నుదుటికి పెట్టుకునే వెడల్పాటి అంచు పట్టీలు రెండు కొనుక్కొచ్చింది. నిన్నటిదాకా అవి చూసి పగలబడి నవ్విన పిల్లే.

"చూడు నాయనమ్మా, దీనికి పైన ఖాళీ. నీ జుట్టు అణగదు."

చాప లోపలికి, నీడలోకి జరిగింది. ఇద్దరూ పట్టీలు పెట్టుకుని వెల్లుల్లి ముందు కూర్చున్నారు.

"నన్ను తిట్టుకున్నావటే?"

"నిన్న తిట్టుకున్నాను. ఇవాళ కాదు. ఎండ సంగతి ఇప్పుడు నీ వల్ల తెలియబట్టేగా నాన్నకీ నాకూ కళ్ళు మిగిలేది."

నాయనమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఏదీ, ఆ అద్దాలు తీసి దగ్గరికి రా. మొహం సరిగా చూసి ఎన్నాళ్ళయిందో."

నాయున్ కళ్ళజోడు తీసి జానెడు దూరంలోకి వంగింది. అద్దాల్లేకుండా తనకీ అంత దగ్గరైతేనే కనిపిస్తుంది. ముసలి వేళ్ళు బుగ్గల్ని తడిమాయి.

"కప్పేమిటే పిచ్చిదానా! అచ్చం నాలా ఉంటేనూ!"

"అవును నాయనమ్మా," నాయున్ నవ్వింది. "కళ్ళతో సహా."