ఉడకబెట్టని కూడు

"రాణీ... లేవే తల్లీ! ఒక్క ముద్దన్నా తినవే!"

తొట్టి ముందు కూర్చుని హేమావతి ఎంత బతిమాలినా ఆ తల్లిపంది తల ఎత్తలేదు. చెవులు కమిలి నీలంగా మారాయి. ఒళ్లు కాలిపోతోంది. పాలు రాక పిల్లలు కీచుమంటున్నాయి. పక్క గదిలో మరికొన్ని అప్పటికే కాళ్లు చాపేశాయి...

ఎర్రగుంట్లలో సిమెంటు లారీ నడిపే మునీంద్రకు నడుము దెబ్బతిన్నాక, కమలాపురం దగ్గర తమ చేలోనే పందుల పెంపకం మొదలుపెట్టారు ఆ ఆలుమగలు. ఎన్ని కన్నీళ్లు కార్చి నేర్చుకున్నారు ఆ పని! మొదటి ఎండాకాలం రేకుల షెడ్డు కింద పందులు రొప్పి రొప్పి చచ్చిపోతే గానీ, నీడా బురదా లేనిదే అవి బతకవని తెలియలేదు. రాణి పక్కకు ఒరిగి తన పిల్లల్నే నలిపేస్తే గానీ, ఈనే గదిలో గోడ వెంబడి, పిల్లలు నలగకుండా తప్పుకోడానికి, అడ్డకమ్మీ ఉండాలని తెలియలేదు. ఆ రోజు చచ్చిన పిల్లలను ఒళ్లో పెట్టుకుని హేమావతి ఎంత ఏడ్చిందో... కడుపు పండని ఆ ఇల్లాలి బాధ ఆమెకే తెలుసు!

అత్త మల్లక్క హేమావతికి సొంత మేనత్త. మొదట్లో పందులంటే ముక్కు మూసుకున్న ఆ మనిషే, పోనుపోను బక్కపిల్లలకు సీసాతో పాలు పట్టసాగింది.

పశువుల డాక్టరు శివజ్యోతి వచ్చి చూసింది. ఆమె ముఖం వాడిపోయింది.

"కల్యాణమండపం నుంచి మిగిలిన కూడు తెస్తున్నారు కదా, ఉడకబెట్టే పెడుతున్నారా?"

"కుతకుత ఉడికినాకనే పెడతాం మేడం!" అన్నాడు మునీంద్ర.

"ఇది పందుల జ్వరంలా ఉంది. పరీక్షకు పంపిస్తాను. అదే అయితే మందు లేదు. పందిమాంసం కలిసిన ఎంగిలి ఒక్కసారి పచ్చిగా పెట్టినా అంటుకుంటుంది..."

గడప దగ్గర నిలబడిన మల్లక్క తలుపు పట్టుకుంది. హేమావతి ఆ ముఖం చూసింది... అంతా అర్థమైపోయింది! పదిరోజుల కిందట మునీంద్ర నడుము చూపించుకోడానికి కడప పోయాడు. తాను కందిచేలో ఉంది. ఆటోలో కూడు వచ్చింది. ఆకలికి పందులు అరుస్తుంటే తట్టుకోలేక అత్త అలాగే పెట్టేసింది!

"పచ్చిది ఎవురు పెట్టినారు?" మునీంద్ర గొంతు చించుకున్నాడు. "నేను ఊర్లో లేనినాడు ఏం జేసినావు హేమా?"

"నేనే బావా... పొద్దుపోయిందని..."

"నీకు ప్రాణం ఇలువ యాడ తెలుస్తాది? బిడ్డను కని పెంచింటే తెలిసేది!"

హేమావతి గుండెలో కత్తి దిగినట్టయింది!

డాక్టరు భయపడిందే నిజమైంది. రోగం ఇతర ఊళ్లకు పాకకుండా మిగిలినవాటినీ చంపక తప్పలేదు. చేను చివర గొయ్యి తవ్వి, సున్నం చల్లారు. చివరికి రాణి పిల్లలను తెస్తుంటే హేమావతి చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇప్పుడు ఏడ్సి ఏం లాభం? కండ్లారా చూడు, నువ్వు జేసింది!" అన్నాడు మునీంద్ర.

"నోరు ముయ్యిరా!" మల్లక్క కేక వేసింది. "పెట్టింది నేనురా! ఆకలికి అరుస్తాంటే ఓర్సుకోలేకపోతి. దాన్ని ఎందుకురా పొడుస్తాండావు? నన్ను కొట్టు... నన్ను ఆ గుంతలోకి తొయ్యి!"

మునీంద్ర కూలబడిపోయాడు.

"ఎందుకు చెప్పలేదు హేమా?"

"నువ్వు నన్నంటే నేను ఓర్సుకుంటా బావా. అత్తనంటే ఆమె ఈ వయసులో బతకదు."

"ఆ బిడ్డ మాట నేను అని ఉండకూడదు... నన్ను..."

"అన్నావు కదా బావా!" మెల్లగా అంది హేమావతి. "కొన్నాళ్లు ఆగు. ఇప్పుడు నన్నేం అడగొద్దు."

సాయంత్రమైంది. మేత వేళకు హేమావతి అలవాటుగా బకెట్టు తీసుకుని పెరట్లోకి నడిచింది. షెడ్డులో చిన్న చప్పుడైనా లేదు! ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయింది. వెనక నుంచి మల్లక్క వచ్చి, ఆమె చేతిలోని బకెట్టు తీసి, గోడ పక్కన బోర్లించింది. కోడలి తలను తన భుజానికి ఆనించుకుంది.

"నువ్వూ పొద్దున్నుంచి ఏం తినలేదు గదమ్మా... రా, రోంత కూడు తిందువు."

లోపల మునీంద్ర మూడు కంచాలు పెట్టి, తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు.